ముందు టార్చి తియ్యి

"అన్నా, స్క్రీన్ సేవర్ ఖరాబైంది" అంటూ పాత ల్యాప్‌టాప్ తెచ్చి కౌంటర్ మీద పెడతారు. ఆ మాటను రసీదు మీద ఉన్నదున్నట్టు రాసుకోవద్దు. కొల్లాపూర్‌లో ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఆ ఫిర్యాదుతో వచ్చినవాటిలో నిజంగా స్క్రీన్ సేవరే చెడిపోయినవి చాలా తక్కువ. వాడేవాళ్లకు కనిపించేది ఒకటే: కాసేపు ముట్టుకోకుండా వదిలేస్తే తెర మారింది, మళ్లీ మామూలుగా రాలేదు. ఆ రెంటి మధ్య జరిగిందంతా వాళ్ల లెక్కలో స్క్రీన్ సేవరే. అసలు రోగం తెర వెనకాల వెలుగుది కావచ్చు, మూత దగ్గరి స్విచ్‌ది కావచ్చు, ఎండిపోయిన థర్మల్ పేస్టుది కావచ్చు. నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు చెప్పినట్టే చెప్తున్నాను, నువ్వు అంటున్నందుకు పెద్దలు ఏమనుకోవద్దు.

నేను పని నేర్చుకున్నది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో. సీటీసీ అంటే చాలు, కంప్యూటర్ పనివాళ్లకు దారి చెప్పనక్కర్లేదు. అక్కడ ఒక ఇరుకు మడిగెలో మా ఉస్తాద్ కూర్చునేవాడు. పక్క మడిగెల్లో మిషన్ రాగానే స్క్రూలు ఊడేవి. మా ఉస్తాద్ మాత్రం గిరాకీని కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, మాట్లాడించేవాడు. "పహ్లే సున్, బాద్ మే ఖోల్" అనేవాడు. ముందు విను, తర్వాత విప్పు అని. అప్పట్లో నాకది చాదస్తంగా తోచింది. సీటీసీలో అనుమానం వస్తే మెట్లు దిగిపోయి ఇంకో కార్డు, ఇంకో కేబుల్ అరువు తెచ్చి పెట్టి చూడొచ్చు. పని చేయకుంటే తిరిగిచ్చేయొచ్చు. విని తేల్చుకునే ఓపిక ఎవరికి కావాలి?

కొల్లాపూర్‌లో దుకాణం పెట్టాక తెలిసింది ఎవరికి కావాలో. ఇక్కడ వేలెడంత కార్డు కావాలన్నా హైదరాబాద్‌కు ఫోన్ చేయాలి, అది కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా బస్సెక్కి రావాలి. తీరా వచ్చాక అది కాదని తేలితే మళ్లీ అంత దూరం పంపాలి. ఈలోగా గిరాకీ రోజూ బస్టాండుకు వచ్చినప్పుడల్లా తొంగిచూసి పోతుంటాడు. అందుకే చిన్న ఊరి మెకానిక్‌కు అడగడం కూడా ఒక పనిముట్టే.

ఏం అడగాలి? తెర నల్లబడ్డప్పుడు పవర్ లైటు నిలకడగా వెలుగుతున్నదా, ఆగి ఆగి మినుకుతున్నదా? ఫ్యాన్ చప్పుడు ఉన్నదా? మౌస్ కదిపితే వస్తున్నదా, పవర్ బటన్ నొక్కితేనే వస్తున్నదా? లైటు మినుకుతుంటే మిషన్ స్టాండ్‌బైలోకి పోయిందని అర్థం, స్క్రీన్ సేవర్‌కు దానితో సంబంధం లేదు. లైటు నిలకడగా ఉండి, మౌస్ కదపగానే లేస్తే, అది బ్లాంక్ అనే నల్ల స్క్రీన్ సేవర్ అయినా అయి ఉండాలి, పవర్ ఆప్షన్స్ తెరను ఆపేసైనా ఉండాలి. రెంటికీ మందు అక్కర్లేదు. లైటున్నది, ఫ్యానున్నది, ఏం చేసినా తెర మాత్రం రాదు అంటే క్యాప్స్‌లాక్ నొక్కి చూడు. దాని చిన్న లైటు వెలిగి ఆరుతుంటే లోపల మిషన్ బతికే ఉన్నది, తెరకే ఏదో అయింది. క్యాప్స్‌లాక్ కూడా ఉలకకుంటే మిషనే బిగుసుకుపోయింది. అప్పుడు గ్రాఫిక్స్ డ్రైవర్ మీద అనుమానపడు.

క్యాప్స్‌లాక్ వెలిగిందా, టార్చి తియ్యి. గదిలో లైటు ఆపి, టార్చిని తెరకు దగ్గరగా వాలుగా పట్టుకో. లోపల ఐకాన్లు నీడల్లాగా కనిపిస్తే ప్యానెల్ బాగానే ఉన్నది, దాని వెనకాల వెలుగు పోయింది. 2009, 2010 ప్రాంతంలో ఎల్ఈడీలు మామూలయ్యేదాకా చాలా ల్యాప్‌టాప్ తెరల అంచున సన్నని గాజు గొట్టం ఉండేది. సీసీఎఫ్ఎల్ అంటాం. అది వెలగాలంటే వందల వోల్టుల ఏసీ కావాలి. బ్యాటరీ ఇచ్చేది పది, పదిహేను వోల్టుల డీసీ. దాన్ని అంత పైకి ఎత్తే పని తెర కింద దాగి ఉండే ఇన్వర్టర్ కార్డుది. ఈ పేరుతో ఒక చిక్కున్నది. "మీ ఇన్వర్టర్ పోయిందన్నా" అంటే కొందరు తెల్లమొహం వేస్తారు. పెంట్లవెల్లి నుంచి వచ్చిన ఒకాయన అయితే గట్టిగానే అడిగాడు: "మా ఇంట్ల ఇన్వర్టరే లేదు కదా తమ్మీ, కరెంటు పోతే దీపం పెట్టుకుంటం." అప్పటి నుంచి లైటు కార్డు అంటున్నాను.

ముసలిదైన గొట్టం ముందే చెప్తుంది. పొద్దున ఆన్ చేయగానే తెర గులాబీ రంగులో మొదలై, కాసేపటికి గానీ తెల్లబడదు. అట్లాంటి మిషన్ వెలిగినంతసేపు బాగానే వెలుగుతుంది. ఒకసారి ఆరి మళ్లీ వెలగాలంటేనే కష్టం. గొట్టం తీసుకోవాల్సిన కరెంటు సరిగ్గా తీసుకోకపోతే ఇన్వర్టర్ తనను తాను కాపాడుకోవడానికి సరఫరా ఆపేస్తుంది. తెర రెండు సెకన్లు మెరిసి ఆరిపోతుంది. గిరాకీ మనకు చెప్పేది మాత్రం, "స్క్రీన్ సేవర్ వచ్చిపోయినంక మళ్ల తెర వస్తలేదన్నా" అని.

సీటీసీలో నాకు పేరు తెచ్చిన మొదటి పని అదే. ఒక వకీలుగారి ల్యాప్‌టాప్. ఇంకో మడిగెలో ప్యానెల్ పోయిందని రాసిచ్చారు. ప్యానెల్ అంటే అప్పుడు మిషన్ ధరలో పెద్ద భాగం. ఉస్తాద్ నమాజుకు పోయిన సమయంలో నేను టార్చి వేసి చూస్తే రీసైకిల్ బిన్ బొమ్మ మసకగా కనిపించింది. వేరే ఇన్వర్టర్ తెచ్చి పెట్టగానే తెర తెల్లగా వెలిగింది. ఉస్తాద్ వచ్చి చూశాడు, మెచ్చుకోలేదు. మరునాటి నుంచి డిస్‌ప్లే కంప్లయింట్లన్నీ నా బల్ల మీద పెట్టించాడు. దాంతోపాటు ఒక హెచ్చరిక కూడా చేశాడు, నీకూ అదే చెప్తున్నాను: మిషన్ ఆన్‌లో ఉండగా ఇన్వర్టర్ కార్డు మీద వేలు పెట్టకు. ప్రాణం పోకపోవచ్చు గానీ చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ ఎగిరి మదర్‌బోర్డు మీద పడుతుంది. అప్పుడు గిరాకీ ప్రాణం పోతుంది.

తెర నిక్షేపంగా ఉండి, స్క్రీన్ సేవరే సమయానికి రావడం లేదంటే దారి వేరు. డిస్‌ప్లే ప్రాపర్టీస్‌లో ప్రివ్యూ నొక్కు. ప్రివ్యూలో కూడా రాకపోతే ఆ ఫైలైనా చెడింది, డ్రైవరైనా లేదు. ప్రివ్యూలో బాగా వచ్చి, దానంతటది రాకపోతే, మిషన్ ఖాళీగా ఉన్నదని విండోస్‌కు తెలియడం లేదు. ఎవరో దాన్ని కదుపుతున్నారు. స్క్రీన్ సేవర్ ఎంతసేపటికి రావాలో చెప్పే వెయిట్‌ను ఒక్క నిమిషానికి తగ్గించి, చేతులు కట్టుకుని, మౌస్ బాణాన్నే చూస్తూ కూర్చో. ఒక జిరాక్స్ సెంటర్‌లో బల్ల మీద మెరిసే పూల ప్లాస్టిక్ షీటు పరిచి ఉండేది. దాని మీద ఆప్టికల్ మౌస్ ఎవరూ ముట్టకుండానే వణుకుతుండేది. కింద అట్టముక్క పెట్టాను, అంతే. పాత థింక్‌ప్యాడ్‌లలో కీబోర్డు నడుమ ఎర్ర బొడిపె ఉంటుంది చూడు, అదీ ఇట్లనే. బాణం ఒక మూలకు తనంతట తాను జారిపోతుంటుంది. గాబరాపడి దాన్ని ఇంకా నొక్కొద్దు. వేలు తీసి కొన్ని సెకన్లు వదిలెయ్, తన లెక్క తను సరిచేసుకుంటుంది. విండోస్ 7 మిషనైతే ఇంకో సులువున్నది. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ రిక్వెస్ట్స్ అడిగితే తెరను మేల్కొలిపి ఉంచుతున్న ప్రోగ్రామ్ పేరు అదే చూపిస్తుంది. ఎక్కువసార్లు మూలన ఎవరూ చూడకుండా నడుస్తున్న వీడియో ఉంటుంది.

వెయిట్ పది నిమిషాలు, తెర ఆపే సమయం ఐదు నిమిషాలు పెట్టుకుని "బొమ్మలు వస్తలేవు" అనేవాళ్లు కూడా ఉంటారు. తెర ఆరిపోయాక బొమ్మ ఆడినా చూసేదెవరు? అది సరిచేసి పైసలు అడిగితే కోపం చేస్తారు. "బొమ్మ తిరిగేతందుకు పైసలా?" ఈ పనిలో చేదు ఇదే. తెలివి పెట్టిన పనికి ఎవరూ ఇవ్వరు, స్క్రూ విప్పిన పనికైతే బేరమాడైనా ఇస్తారు.

సెకండ్‌హ్యాండ్ మిషన్లది వేరే లోకం. హైదరాబాద్ కంపెనీలు వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌లు మన ఊళ్లకు చేరుతుంటాయి. ఒక ఎరువుల దుకాణం సేటు అట్లాంటిదే కొన్నాడు. కౌంటర్ మీద యూరియా బిల్లు కొడుతూ మధ్యలో రైతుతో రెండు మాటలు మాట్లాడేసరికి తెర మీద ఏదో కంపెనీ చిహ్నం గిరగిరా తిరుగుతుంది, కదిపితే పాస్‌వర్డ్ అడుగుతుంది. మార్చుదామంటే స్క్రీన్ సేవర్ పేజీలో అన్నీ బూడిద రంగులో పడి ఉన్నాయి, నొక్కు పడదు. అమ్మినవాడు ఫార్మాట్ చేయకుండా అమ్మాడు. ఆ కంపెనీ పెట్టిన గ్రూప్ పాలసీ ఇంకా లోపల పహరా కాస్తున్నది. రిజిస్ట్రీలో పాలసీస్ కింద, కంట్రోల్ ప్యానెల్ డెస్క్‌టాప్ అన్న చోట ఆ కట్టడి ఉంటుంది. తీసేస్తే పేజీ తెరుచుకుంటుంది. అయినా నేను తీసి ఊరుకోలేదు, మొత్తం ఫార్మాట్ చేసి కొత్తగా విండోస్ వేశాను. వేరేవాళ్ల కాగితాలు లోపల ఉన్న మిషన్‌ను అట్లనే నడిపించొద్దు.

ఇక వైరస్‌లు. స్క్రీన్ సేవర్ ఫైలు చివర ఎస్‌సీఆర్ అని ఉంటుంది గానీ అది మామూలు ప్రోగ్రామే, ఈఎక్స్ఈ ఏం చేయగలదో అదీ చేయగలదు. అక్వేరియం, జలపాతం, దేవుడి బొమ్మలు ఉచితం అనగానే దించుకుంటారు. పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్ బొమ్మ వేసుకుని ఎస్‌సీఆర్ ఫైలు కూర్చుంటుంది, తెరుద్దామని నొక్కితే అంటుకుంటుంది. అందుకే నా దుకాణంలో ఏ మిషన్ వచ్చినా ముందు ఫైలు పేర్ల చివరి అక్షరాలు కనిపించేట్టు పెడతాను.

వీటన్నింటిలో తెలివైన మోసం 2008లో వచ్చింది. యాంటీవైరస్ ఎక్స్‌పీ 2008 అన్న పేరుతో తిరిగిన దొంగ యాంటీవైరస్ అది. సిస్‌ఇంటర్నల్స్ వాళ్లు నవ్వుకోవడానికి చేసిన నీలి తెర స్క్రీన్ సేవర్ ఒకటి ఉన్నది. విండోస్ కుప్పకూలినట్టు, మళ్లీ మొదలైనట్టు అచ్చుగుద్దినట్టు నటిస్తుంది. ఈ దొంగ దాన్ని తీసుకొచ్చి పెట్టి, మార్చుకునే వీలు లేకుండా స్క్రీన్ సేవర్ ట్యాబ్‌ను దాచేసేది. భయపడి డబ్బు కడతారని ఆశ. అది పట్టి నా దగ్గరికి వచ్చిన ఒక మిషన్‌కు వేరేచోట మదర్‌బోర్డు పోయిందని చెప్పి పంపారు. దాన్ని తెచ్చిన కుర్రాడు మొహం వేలాడేసుకుని నిలబడ్డాడు. ఉస్తాద్ నేర్పిన ప్రశ్నే అడిగాను: "నీలి తెర వచ్చినప్పుడు నువ్వు ఏం చేస్తావ్?" "బుగులుతోని పవర్ బటన్ పట్టుకుని ఆపేస్త." "ఇంకేమీ ముట్టవా?" ముట్టడట. నేను స్పేస్‌బార్ తట్టాను. నీలి తెర మాయమై, వాడి డెస్క్‌టాప్ చక్కగా వచ్చింది. నిజమైన నీలి తెర నువ్వు ఏది తట్టినా పోదు. అదొక్కటి గుర్తుంచుకుంటే చాలు. ట్యాబ్ వెనక్కి తెచ్చి, వైరస్ తీసి పంపాను. మదర్‌బోర్డు అన్నవాళ్లు కూడా చెడ్డవాళ్లేమీ కాదు, వినలేదంతే.

స్క్రీన్ సేవర్ అసలు ల్యాప్‌టాప్ కోసం పుట్టలేదు. పెద్ద పొట్ట మానిటర్లలో ఒకే బొమ్మ గంటల తరబడి నిలిస్తే తెర లోపలి ఫాస్ఫర్ పూత అక్కడ అరిగి, ఆపేసినా మచ్చ మిగిలేది. దానికి విరుగుడుగా జాన్ సోషా అనే అమెరికన్ రాసిన చిన్న ప్రోగ్రామ్ 1983 డిసెంబర్‌లో సాఫ్ట్‌టాక్ పత్రికలో అచ్చయింది. మూడు నిమిషాలు ఎవరూ ముట్టకుంటే తెరను నల్లగా చేయడమే దాని పని. తర్వాత నార్టన్ కమాండర్ రాసింది కూడా ఆయనే. 1989లో ఆఫ్టర్ డార్క్ వచ్చి రెక్కల టోస్టర్లు ఎగరేసింది, అక్కడి నుంచి అది వేడుకైంది. ఎల్‌సీడీ తెరకు ఆ ఫాస్ఫరే లేదు. అంటే ల్యాప్‌టాప్‌లో స్క్రీన్ సేవర్ కాపాడేది ఏమీ లేదు. పైగా బొమ్మ ఆడుతున్నంతసేపు వెనకాల గొట్టం వెలుగుతూనే ఉంటుంది, ప్రాసెసర్ పని చేస్తూనే ఉంటుంది.

ఆ పని ఎంత ముదురుతుందో తహసీల్ ఆఫీసు బయట దస్తావేజులు రాసే పెద్దాయన మిషన్‌తో తెలిసింది. "టైపు కొడ్తున్నంతసేపు బాగనే ఉంటది సారూ. అన్నానికి పోయొస్తే బంద్ అయి ఉంటది." పనిలో ఉన్నప్పుడు ఆగకుండా, ఖాళీగా ఉన్నప్పుడే ఆగే మిషన్ అప్పటిదాకా చూడలేదు. కరెంటు అనుకున్నాను, అడాప్టర్ అనుకున్నాను, రెండూ బాగున్నాయి. చివరికి వెయిట్ నిమిషానికి పెట్టి, పక్కన గాలి వదిలే జాలీ దగ్గర అరచెయ్యి ఆనించి కూర్చున్నాను. తెర మీద త్రీడీ పైపులు మొదలయ్యాయి. కాసేపటికి చెయ్యి పెట్టలేనంత వేడి. ఎవరో ఎక్స్‌పీ మళ్లీ వేసి గ్రాఫిక్స్ డ్రైవర్ వేయకుండా వదిలేశారు. పైపుల బొమ్మ గీసే భారమంతా ప్రాసెసర్ మీద పడింది. లోపల పేస్టు ఎండి పొలుసులైంది, ఫ్యాన్ రెక్కల వెనక దుమ్ము దుప్పటిలా పరుచుకున్నది. మన ఎండాకాలం సంగతి చెప్పాలా, మామిడికాయలు దింపే రోజులు. వేడి హద్దు దాటగానే మిషన్ తనంతట తానే ఆపేసుకుంటున్నది. దుమ్ము తీసి, కొత్త పేస్టు రాసి, డ్రైవర్ వేశాను. ఆయన మాత్రం పైపులు తీసేయొద్దని పట్టుబట్టాడు, మనవడికి ఇష్టమట. ఆ పైపుల జాయింట్ల మధ్య చాలా అరుదుగా ఒక టీపాట్ వచ్చిపోతుంది. సీటీసీలో దాని మీద చాయ్ పందేలు కాసేవాళ్లం. మనవడికి చెప్పమన్నాను.

మూత స్విచ్ గురించి చెప్పి ముగిస్తాను. మూత వేయగానే మిషన్ పడుకోవడానికి మూతలో చిన్న అయస్కాంతం, కింది భాగంలో దాన్ని పసిగట్టే స్విచ్ ఉంటాయి. కొన్ని పాతవాటిలో అయస్కాంతం బదులు పుల్ల ఉంటుంది, దుమ్ముకు ఇరుక్కుపోతుంది. రిటైరైన సారు ఒకాయన టైపు చేస్తుండగానే తెర ఆరిపోతున్నదని తెచ్చారు. నా దగ్గర పనిచేసే కుర్రాడు నేను ఊళ్లో లేని రోజున ఆ మిషన్ ఫార్మాట్ చేసి ఇచ్చాడు. ఫైళ్లు కాపీ తీశాడు, అంతవరకు నయం. రెండో రోజే సారు మళ్లీ వచ్చారు. నా ముందు కూర్చోబెట్టి టైపు చేయించాను. ఎడమచెయ్యి మిషన్ అంచున ఆనినప్పుడల్లా తెర పోతున్నది. చేతికి కడియం. "బీపీకి మంచిదన్నరు, జాతరల కొన్న" అన్నారు. అయస్కాంత కడియం! తీయించి టైపు చేయిస్తే గంటసేపు తెర కదలలేదు. కుర్రాడు తీసుకున్న ఫార్మాట్ డబ్బులు వెనక్కి ఇప్పించాను. సారు తీసుకోనన్నారు, బలవంతంగా జేబులో పెట్టాను. అయస్కాంతం పెట్టిన ఫోన్ కవర్లతోనూ ఇదే గోల. ఒక ల్యాప్‌టాప్ మీద ఇంకోటి పెట్టినా పైన ఉన్నది నిద్రపోవచ్చు.

నా దుకాణం నుంచి పోయే ప్రతి పాత మిషన్‌లో స్క్రీన్ సేవర్ నన్‌లో పెడతాను. గొట్టం వెలుగు మిషనైతే తెర ఆపే సమయం ఇరవై నిమిషాలు, మాటిమాటికి ఆరి వెలగకుండా. ఎల్ఈడీదైతే పది చాలు. నలుగురు తిరిగే కౌంటర్ మీద ఉండేదైతే తిరిగి లేచేటప్పుడు పాస్‌వర్డ్ అడిగేట్టు పెడతాను. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో మైక్రోసాఫ్ట్ మరమ్మతులు ఆగిపోయాయి కాబట్టి వాటితో బ్యాంకు పనులు చేయొద్దని చెప్పి పంపుతాను.

ల్యాప్‌టాప్ తెచ్చేవాళ్లకు ఒక్క మనవి. ఛార్జర్ కూడా తెండి. తెర ఎప్పుడు ఆరాలో, మిషన్ ఎప్పుడు పడుకోవాలో విండోస్ బ్యాటరీకి ఒక లెక్క, కరెంటుకు ఇంకో లెక్క రాసుకుంటుంది. సోమశిల నుంచి బస్సులో వచ్చి, ఛార్జర్ ఇంట్లో మరిచామంటే నేను సగం మిషన్‌నే చూడగలను.